పందుల గుంట సున్నం

అక్టోబరు పొద్దున గడ్డి మీది మంచు కరిగేటప్పుడు ఒక వాసన వస్తుంది.

తడి మట్టి... కోసేసిన మొక్కజొన్న మోళ్ళు... నది మీంచి మెల్లగా పాకి వచ్చే చలి...

ఆ వాసనలో నేను గీతలు గీసేవాణ్ణి.

తెల్ల గీతలు. అయిదేసి గజాలకొకటి. ఆ కొసన ఒక గోల్ గీత, ఈ కొసన ఒక గోల్ గీత. చక్రమున్న డబ్బాలో సున్నం పోసి, తాడు బిగించి, తాడు వెంబడి తోసుకుంటూ పోవడమే నా పని. శనివారం తెల్లారి మొదలుపెడితే మధ్యాహ్నం ఆట వేళకు అయిపోయేది. వెనక్కి తిరిగి చూసుకుంటే మైదానం కొత్త రూళ్ళ కాగితంలా ఉండేది.

నా పేరు ఆర్లో టిబ్బెట్స్. వార్డ్‌లో అనే కాలేజీలో మైదానం పనివాణ్ణి. ఆడే కుర్రాళ్ళంతా నన్ను పెద్దాయనా అని పిలిచేవాళ్ళు. అప్పటికి నాకు నలభై నిండలేదు. ముందు పళ్ళు రెండు ఊడినందుకు దక్కిన గౌరవం అది.

కాలేజీ చిన్నది. ఒహాయో మొక్కజొన్న చేల మధ్య మూడు ఇటుక మేడలు, ఒక చర్చి, వెనకాల కాలేజీదే ఒక పందుల పాక. పంట బాగున్న ఏడు నాలుగు వందలమంది చదివేవాళ్ళు. లేని ఏడు మూడు వందలు.

ఆట మాత్రం పెద్దది.

పేరుకు ఫుట్‌బాల్. బంతిని పొట్టకు అదుముకుని, తల వంచుకుని, మనుషుల గోడలోకి దూరిపోయే ఆట. దూరినవాడి మీద పదిమంది పడతారు. అడుగున ఉన్నవాడు గడ్డి తింటాడు, మట్టి తింటాడు. గీత మీద పడితే సున్నం తింటాడు. లేచి, ఉమ్మేసి, మళ్ళీ వెళ్ళి నిలబడతాడు.

అదంతా నాకు ఇష్టంగా ఉండేది. ఆ మాట చెప్పుకోవాలంటే ఇప్పుడు రోతగా ఉంటుంది.

పందొమ్మిది వందల ముప్పై తొమ్మిదిలో మూడు ఆటలు గెలిచాం, అయిదు ఓడాం. యూరప్‌లో యుద్ధం మొదలైందని రేడియో చెప్పింది. మంగలి షాపులో ఎవరో లేచి ఆ రేడియో గొంతు తగ్గించి, మన జట్టు కుర్రాడి మోకాలు ఎలా ఉందని అడిగారు. యుద్ధం గురించి ఆ ఏడు మా ఊరు మాట్లాడింది అంతే.

నలభైలో వెండెల్ క్రౌస్ వచ్చాడు.

పాల రైతు హెర్మన్ క్రౌస్ రెండో కొడుకు. చీకటితో లేచి ఆవుల్ని పితికి, పాల డబ్బాలు ట్రక్కులో ఊళ్ళోకి చేర్చి, ఆ తర్వాత క్లాసుకు వచ్చేవాడు. ఎంత రుద్ది స్నానం చేసినా ఒంటి మీద పశువుల వాసన పోయేది కాదు. బట్టలు మార్చుకునే గదిలోకి వాడు అడుగు పెడితే, మంద దిగింది తలుపులు తియ్యండర్రా అని నవ్వేవాళ్ళు. వాడూ నవ్వేవాడు. పితికి పితికి మణికట్లు గుంజల్లా తయారయ్యాయి. బంతి వాడి చేతికిస్తే, పడగొట్టడానికి ముగ్గురు కావాలి.

శనివారం శనివారం నాకొక పాల సీసా తెచ్చేవాడు. మీగడ పైకి తేలిన చిక్కటి పాలు. ఎందుకురా అంటే, పళ్ళు లేనివాళ్ళకు పాలే గతి కదా అనేవాడు.

తండ్రి హెర్మన్ ఊళ్ళో జరిగిన ఏ ఆటా వదిలేవాడు కాదు. అందరితో కలిసి బల్లల మీద కూర్చునేవాడూ కాదు. గోల్ గీత వెనకాల, టోపీ పెట్టుకుని, ఒక్కడే నిలబడేవాడు. కొడుకు గీత దాటితే టోపీ ఒకసారి తీసి పెట్టుకునేవాడు.

నలభై ఒకటిలో నాలుగు గెలిచాం.

ఆ డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడ్డాయి. రెండో రోజుకల్లా హెర్మన్ తన పాల కొట్టం మీద జెండా ఎగరేశాడు. పోస్టాఫీసు మీద ఉన్నదానికంటే పెద్దది. పెద్ద కొడుకు కార్ల్‌ను తనే ట్రక్కులో కూర్చోబెట్టి సైన్యంలో చేర్పించి వచ్చాడు. జర్మన్ పేరున్నవాడికి ఆ ఏడు అంత జెండా కావాల్సే వచ్చింది.

నలభై రెండు.

పదముగ్గురు మిగిలారు.

ఆడాల్సింది పదకొండుమంది. బెంచీ మీద ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకడికి ఉబ్బసం. మిగతావాళ్ళంతా అప్పటికే సైన్యంలోకి పోయారు. వీళ్ళు కూడా సైన్యం నుంచి కాగితం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ ఆడుతున్నారు. అక్టోబరు దాకా ఆడిన అయిదూ ఓడిపోయారు.

ఆ అక్టోబరులో నా సున్నం రాలేదు.

రైలు పెట్టెలన్నీ ట్యాంకులు మోస్తున్నాయి. మైదానంలో గీతలు గీసే మెత్తటి సున్నం ఎవడికి కావాలి? కొట్టు అడుగున ఉన్నది ఊడ్చినా సగం మైదానానికి రాదు. కోచ్ హాలెట్‌తో చెప్పాను. పందుల పాక వెనక ఆరు బస్తాలున్నాయి కదా, అవి తీసుకో అన్నాడు.

ఆ బస్తాలు నాకు తెలుసు. అంతకుముందు ఏడు కాలేజీ పందులకు రోగం తగిలి నలభై చచ్చాయి. పెద్ద గుంట తవ్వి, ఒక వరస పందులు, ఒక వరస సున్నం, మళ్ళీ పందులు, మళ్ళీ సున్నం వేసి పూడ్చాం. మాంసాన్ని తినేసే సున్నం అది. పచ్చిది. నీళ్ళు తగిలితే కుతకుత ఉడుకుతుంది.

అది పందులదండీ, తడిస్తే కాలుతుంది అని చెప్పాను. చెప్పలేదని ఎవరూ అనకూడదు.

హాలెట్ కిటికీలోంచి ఆకాశం చూశాడు. ఎక్కడా మబ్బు లేదు.

"తెల్లగా ఉందా లేదా?" అన్నాడు.

తెల్లగానే ఉంది.

గడ్డల్ని సమ్మెటతో కొట్టి పొడి చేశాను. ఆ ఘాటుకు కళ్ళు మండాయి. ముక్కుకూ మూతికీ గుడ్డ కట్టుకున్నాను. చేతులకు తోలు తొడుగులు వేసుకున్నాను. పని అయ్యాక చొక్కా విప్పి దులిపి దులిపి వేసుకున్నాను.

నా ముఖానికి గుడ్డ కట్టుకున్నాను. వాళ్ళ ముఖాలకు ఏం కట్టాను?

నది అవతలి కాలేజీతో ఆట. మొదటి సగం ఎండలోనే జరిగింది. రెండో సగం మొదలైన కాసేపటికి చేల మీంచి నల్లగా ఒక మబ్బు లేచింది.

వాన పడింది.

గీతలు పొగలు కక్కాయి.

సన్నగా, తెల్లగా, గడ్డిలోంచి... ఒక గీత తర్వాత ఒక గీత... బల్లల మీద కూర్చున్న ఒకావిడ పక్కావిడతో, ఎంత బాగుందో చూడు అన్నది. నాకు వినబడింది. నా కాళ్ళు కదల్లేదు.

అప్పుడే వెండెల్ చేతికి బంతి వచ్చింది.

రెండు గజాల దూరం. తల వంచి దూరాడు. ఎనిమిదిమంది మీద పడ్డారు. గోల్ గీత మీద. వాడి ముఖం సరిగ్గా గీత మీద. ఒక్కొక్కణ్ణీ లాగి లేపడానికి రిఫరీకి ఎంతసేపు పట్టిందో... నాకైతే ఇప్పటికీ లాగుతూనే ఉన్నట్టుంది.

గీత దాటాడు. ఆరు పాయింట్లు. ఊరంతా కేకలు వేసింది.

వాడు ఎడమ కంటి మీద చెయ్యి పెట్టుకుని లేచాడు.

మా దగ్గర ఒకటే బకెట్టు, ఒకటే స్పాంజి. పదముగ్గురి నెత్తురూ, ఉమ్మీ, బురదా అందులోనే. హాలెట్ ఆ స్పాంజితో వాడి కన్ను తుడిచాడు. తుడవడం కూడా కాదు. రుద్దాడు. ఏం చెయ్యాలో నాకు తెలుసు. బకెట్ల కొద్దీ మంచినీళ్ళు కంట్లో పోస్తూనే ఉండాలి, అరగంట, గంట. ఆ మాట అరిచి చెప్తే అది ఏ సున్నమో కూడా అందరి ముందూ చెప్పాలి.

నోరు మూసుకున్నాను.

"కనపడ్డం లేదు కోచ్," అన్నాడు వెండెల్.

"ఇంకోటుందిగా," అన్నాడు హాలెట్.

వాడు వెళ్ళి నిలబడ్డాడు. ఇరవై నిమిషాలు ఆడాడు. ఒక కన్ను మూసుకుని, ఆ వైపు నుంచి వచ్చేవాడు కనపడక, పడుతూ, లేస్తూ. ఆ ఆరు పాయింట్లతో గెలిచాం. ఆ ఏడు మేం గెలిచింది ఆ ఒక్క ఆటే.

వారానికి ఆ కన్ను ఉడికిన గుడ్డులా తెల్లబడింది.

కాలేజీ అధ్యక్షుడు డాక్టర్ లోరింగ్ నన్ను తన గదికి పిలిపించాడు. పధ్నాలుగేళ్ళ కొలువులో ఆ గది తివాచీ మీద నేను అడుగు పెట్టడం అదే మొదలు. బూట్లు విప్పాలా అని అడిగాను. అక్కర్లేదు కూర్చో అన్నాడు. తన చేత్తో నాకు కాఫీ పోశాడు. నేవీవాళ్ళు తమ కుర్రాళ్ళకు శిక్షణ ఇవ్వడానికి కాలేజీలు వెతుకుతున్నారనీ, రెండు వారాల్లో మన కాలేజీ చూడ్డానికి వస్తున్నారనీ చెప్పాడు. వాళ్ళు ఒప్పుకుంటే కాలేజీ బతుకుతుంది. కాదంటే వచ్చే ఏడు తలుపులకు తాళాలే. అంతా నెమ్మదిగా, చర్చిలో చదివినట్టు చెప్పాడు.

ఆ తర్వాత అడిగాడు.

"అది ఏటేటా మనం వాడే సున్నమే కదా, టిబ్బెట్స్?"

"అవునండీ," అన్నాను.

కాఫీ బాగుంది. అది కూడా ఒప్పుకోవాలి. చివరి చుక్క దాకా తాగాను.

మిగిలిన బస్తాలు ఆ సాయంత్రమే పందుల గుంటలోకి దొర్లించేశాను.

జనవరిలో పదముగ్గురికీ కాగితాలు వచ్చాయి. పన్నెండుమంది రైలెక్కారు. ఉబ్బసం వాడు కూడా ఎక్కాడు. వెండెల్‌ను వెనక్కి పంపారు. కంట్లో ఘాటు మందు ఏదో పడి కాలిందని సైన్యం డాక్టరు రాశాడు.

మొదట మంగలి షాపులో పుట్టింది ఆ మాట.

వాడే పోసుకున్నాడట. సబ్బు కాచే క్షారం. యుద్ధానికి పోవడం తప్పించుకోవడానికి. జర్మన్ నెత్తురు కదా, తుపాకీ ఎటు పెట్టాలో తెలియలేదేమో పాపం. క్రౌస్ గాడికి ఒక కన్ను మనవైపు, ఇంకోటి వాళ్ళవైపు. అందరూ నవ్వారు. నా గడ్డానికి సబ్బు నురగ పూసి ఉంది. మంగలి కూడా నవ్వి, నన్ను కదలొద్దు అన్నాడు. నేను కదల్లేదు.

గీత మీది సున్నం పడిందని వెండెల్ అందరికీ చెప్పాడు. ఎవరు నమ్ముతారు? ఆ మైదానంలో ఆడిన ప్రతివాడూ ఆ సున్నం తిన్నవాడే. ఎవరికీ ఏమీ కాలేదు. కాలేజీ ఒక కాగితం రాసి నోటీసు బోర్డు మీద అంటించింది. ఎప్పుడూ వాడే సున్నమే అని. కింద లోరింగ్ సంతకం. దాని కింద హాలెట్ సంతకం.

దాని కింద నాది.

నలభై మూడు వేసవిలో నేవీ కుర్రాళ్ళు దిగారు.

అయిదు వందలమంది. తెల్ల టోపీలు. పెద్ద పెద్ద యూనివర్సిటీల్లో ఆడినవాళ్ళు వాళ్ళలో ఇరవైమంది. మా జెర్సీలు వాళ్ళ భుజాల దగ్గర పిగిలిపోయాయి. కొత్తవి కుట్టించారు. ఆడిన ఎనిమిదీ గెలిచారు. మా కుర్రాళ్ళు, మా కుర్రాళ్ళు అని ఊరు ఊగిపోయింది. ఒక్కడి పేరు కూడా సరిగ్గా పలకడం రాదు. ఎవడిది ఏ ఊరో తెలీదు. అయినా మావాళ్ళే. గెలిచినవాడు ఎవడైనా మావాడే కదా... ఛీ.

మావాడైన ఒక్కడు మాత్రం వంటశాల వెనక తలుపు దగ్గర పాల డబ్బాలు దించేవాడు.

ఆ అయిదు వందలమందికీ పాలు హెర్మన్ కొట్టం నుంచే వచ్చేవి. ఊళ్ళో ఇళ్ళవాళ్ళు మాత్రం వెండెల్ చేత్తో పెట్టిన సీసాలు గడప మీదే వదిలేసేవాళ్ళు. ఎండకు విరిగిపోయిన సీసాలు సాయంత్రం వాడే పోగు చేసుకునేవాడు. ఒకరోజు ఎవరో ట్రక్కు తలుపు మీద పిరికివాళ్ళకు వేసే పసుపు రంగు పులిమారు. కిరసనాయిలుతో తుడిచాడు. సగమే పోయింది. ఆ మరకతోనే ఊరంతా తిరిగేవాడు.

ఒక పొద్దున నేను గీతలు గీస్తుంటే ట్రక్కు ఆపి దిగాడు. చాలాసేపు కంచె పట్టుకుని నిలబడ్డాడు.

"పెద్దాయనా," అన్నాడు. "ఆ రోజు సున్నం ఎక్కడిది?"

వాడికి కావాల్సింది ఒక్క మాట. ఒక్క సాక్షి. ఊరి ముఖం మీద, తండ్రి ముఖం మీద పెట్టి చూపించుకోవడానికి ఒక్క మనిషి. ఆ మనిషిని నేనొక్కణ్ణే అని వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

"ఎప్పటిదేరా," అన్నాను.

ఆ ఒంటి కన్ను నన్ను చూసింది. తిట్టలేదు. తల ఊపి ట్రక్కెక్కాడు.

తర్వాతి శనివారం కూడా నా గుడిసె ముందు పాల సీసా ఉంది.

తాగలేకపోయాను. పారబొయ్యలేకపోయాను. బల్ల మీద పెట్టి చూస్తూ కూర్చున్నాను. పులిసింది, విరిగింది, పైన బూజు కట్టింది. వాసనకు తల తిరిగేది. అయినా కిటికీ తెరవలేదు.

నలభై నాలుగులో కార్ల్ ఇటలీలో చనిపోయాడు.

టెలిగ్రాం వచ్చిన ఆదివారం హెర్మన్ చర్చిలో ముందు వరసలో కూర్చున్నాడు. వెండెల్ వచ్చి పక్కన కూర్చుంటే లేచి వేరే బల్లకు వెళ్ళిపోయాడు. ఊరంతా చూసింది. ఊరికి అంతకంటే ఏం కావాలి? కన్నతండ్రే ఛీ కొట్టాడంటే ఇంక అనుమానం దేనికి అన్నారు. ఆ రోజు నుంచి హెర్మన్ కొడుకుతో మాట్లాడలేదు. వెండెల్ పరుపు తీసుకుని కొట్టం అటక మీదికి మారాడు. ఒకే కొట్టం, అవే ఆవులు, ఇద్దరు మనుషులు... పాల డబ్బాల చప్పుడు తప్ప మాట లేదు.

నేను వెళ్ళి చెప్తే ఆ మౌనం విరిగేది.

వెళ్ళలేదు. వచ్చే వారం వెళ్దాం అనుకునేవాణ్ణి. ఆ వచ్చే వారం నాలుగేళ్ళు నడిచింది.

నలభై అయిదులో యుద్ధం అయిపోయింది. నేవీ మూటా ముల్లే కట్టుకుని వెళ్ళిపోయింది. జట్టు లేదు. గీతలు లేవు. గడ్డి మోకాళ్ళ దాకా పెరిగింది. అడవి బాతులు వచ్చి దిగి, తిని, రెట్టలు వేసి, దక్షిణానికి పోయాయి. ఆ ఆరేళ్ళలో నాకు కంటినిండా నిద్ర పట్టింది ఆ ఒక్క శరత్తులోనే.

నలభై ఆరులో మనుషులు తిరిగొచ్చారు.

కుర్రాళ్ళు కారు. మీసాలు, పెళ్ళాలు, చంకలో పిల్లలు. సాధన మధ్యలో గీత మీద కూర్చుని సిగరెట్లు కాల్చేవాళ్ళు. హాలెట్ అరిస్తే ముఖాన పొగ వదిలేవాళ్ళు. నలభై రెండు జట్టులోంచి పోయిన పన్నెండుమందిలో నలుగురు రాలేదు. ఉబ్బసం వాడు రాలేదు.

వెండెల్ కూడా వచ్చాడు. వాడికింకా ఒక ఏడు ఆడే హక్కుంది. పాత బూట్లు తోలు పగిలిపోతే మళ్ళీ కుట్టించుకుని తెచ్చుకున్నాడు.

బట్టలు మార్చుకునే గదిలో రే డోస్టల్ లేచి నిలబడ్డాడు. నలభై రెండులో బంతి వెండెల్ చేతికి ఇచ్చింది వాడే. ఆ గోల్ గీత మీది కుప్పలో వెండెల్ పైన పడింది కూడా వాడే. ఇప్పుడు ఛాతీ మీద పతకాలు. ఇలాంటివాడితో ఒక గదిలో చొక్కా విప్పను అన్నాడు. ఇంకెవరూ ఏమీ అనలేదు. వెండెల్ బూట్లు చేత్తో పట్టుకుని బయటికి వచ్చేశాడు.

డోస్టల్ కుడి ముంజేతి మీద అరచెయ్యంత మచ్చ ఉంది. ముడతలు పడి, మెరుస్తూ. ఆ ఆట అయ్యాక ఆ చేతికి వెన్న రాసి కట్టు కట్టింది నేనే. వానకు తడిసిన గీత మీద ఆనిన చెయ్యి అది.

జపానువాళ్ళ దెబ్బ అని చెప్పుకుంటాడు ఇప్పుడు. పిల్లలు ముట్టుకుని చూస్తారు.

రోత పుట్టింది నాకు. వాణ్ణి చూసి కాదు. వాడికీ నాకూ తేడా కనపడక.

నలభై ఏడు, యుద్ధంలో పోయినవాళ్ళ శిలాఫలకానికి చందాల కోసం లోరింగ్ ఊరూరా తిరిగిన ఏడు. ఎన్ని ఆటలు గెలిచామో నాకు గుర్తులేదు. మేడ లోపలి గోడకు నలభై మూడు జట్టు బొమ్మ పెద్దది చేయించి తగిలించారు. అజేయులు అని కింద రాశారు. నలభై రెండులో ఆడిన పదముగ్గురికీ బొమ్మే తియ్యలేదు.

నలభై ఎనిమిది అక్టోబరులో రాయి నిలబెట్టారు.

మైదానం అంచున, గోల్ గీతకు పది అడుగుల్లో. అయిదు పేర్లు. మా నలుగురు, ఒక ఏడు ఇక్కడ చదివాడని కార్ల్ క్రౌస్. పాత విద్యార్థులంతా వచ్చారు. ఆడవాళ్ళు వేడి వేడి యాపిల్ పళ్ళరసం అమ్మారు. బ్యాండు వాయించింది. ఈ కుర్రాళ్ళు ధైర్యమనేది ఈ తెల్ల గీతల మధ్యే నేర్చుకున్నారు అన్నాడు లోరింగ్. వెనక నిలబడ్డ హాలెట్ రుమాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

హెర్మన్ క్రౌస్‌ను ముందుకు పిలిచారు. వీరుడి తండ్రి అన్నారు. చేతికి పూలదండ ఇచ్చారు. లోరింగ్ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

వెండెల్ కంచె బయట ట్రక్కు పక్కన నిలబడి చూస్తున్నాడు. లోపలికి రాలేదు. రమ్మని ఎవరూ అనలేదు. నా ముందున్న ఇద్దరు వెనక్కి తిరిగి వాణ్ణి చూసి, పేర్లు తప్పు చెక్కారు, ఉండాల్సినవాడు పోయాడు పోవాల్సినవాడు ఉన్నాడు అనుకున్నారు. అనుకుని పళ్ళరసం తాగారు.

నేను బల్లల వెనక్కి వెళ్ళి డోక్కున్నాను.

పొద్దున్నే మంచి సున్నంతో గీసిన గీతలు అవతల తళతళలాడుతున్నాయి.

మర్నాడు ఆదివారం. తెల్లారేసరికి హెర్మన్ కొట్టం దగ్గర ఉన్నాను.

ఆయన ఒక్కడే లోపల పాల డబ్బాలు తోముతున్నాడు. కూర్చోమనలేదు. నేను కూర్చోలేదు. ఒక్క గుక్కలో చెప్పేశాను. పందుల గుంట, బస్తాలు, సమ్మెట, ముఖానికి గుడ్డ, వాన, కాఫీ, సంతకం. నీ కొడుకు అబద్ధమాడలేదు అన్నాను. అబద్ధమాడింది నేను అన్నాను.

ఆయన తోమడం ఆపలేదు. డబ్బా లోపలంతా అయ్యాక మూత తోమాడు. అప్పుడు మాట్లాడాడు.

"నేను ఆ గీత వెనకాలే నిలబడ్డానయ్యా. మామూలు సున్నం వానకి పొగలు కక్కదు. నలభై ఏళ్ళ నుంచి సేద్యం చేస్తున్నాను, ఆమాత్రం తెలీదూ?"



ఆ రోజే తెలుసట. కాలేజీ మీద నోరెత్తితే, జర్మన్‌వాడు నేవీకి అడ్డం పడుతున్నాడు అనేవాళ్ళట. కార్ల్ సైన్యంలో ఉన్నాడు. పాలు కాలేజీకి పోతున్నాయి. కొట్టం తగలబెట్టినా అడిగేవాడు లేడు. ఒక్కడి మీద పడితే మిగతా అందరం బతుకుతాం అనుకున్నాడట. కుర్రాడు గట్టివాడు, తట్టుకుంటాడు అనుకున్నాడట.

మరి చర్చిలో ఎందుకు లేచి వెళ్ళిపోయావు అని అడిగాను.

ఆయన చేతిలో మూత అలాగే ఉండిపోయింది.

"వాడి మొహం చూళ్ళేక," అన్నాడు.

ఛీ ఛీ. ఆరేళ్ళు నేను ఒక్కణ్ణే మోస్తున్నాననుకున్న మోత... అందరి చంకలోనూ ఉంది. లోరింగ్‌కు, హాలెట్‌కు, డోస్టల్‌కు, కన్నతండ్రికి కూడా తెలుసు. ఊరంతా సరిపడా పంచుకుని తిన్న కూడు అది. వెండెల్ ఒక్కడికే పెట్టలేదు.

వాడికి చెప్పొద్దు అన్నాడు హెర్మన్. ఇప్పటికి అలవాటు పడిపోయాడు అన్నాడు.

అప్పుడే తలుపు నెట్టుకుని వెండెల్ లోపలికి వచ్చాడు. రెండు చేతులా నిండు బకెట్లు. పాల మీంచి ఆవిరి లేస్తోంది. నన్ను చూసి ఆగాడు.

నాకు భయం వేసింది. మళ్ళీ నోరు మూసుకుంటానేమోనని భయం. అందుకే గబగబా అనేశాను.

"వెండెల్, అది పందుల గుంట సున్నంరా. నేనే కొట్టి పొడి చేశాను. ఇప్పుడే మీ నాన్నతో చెప్పాను."

వాడు బకెట్లు దించాడు. ఒక్క చుక్క ఒలకలేదు. ఎడమవైపు కనపడదు కనుక తల మొత్తం తిప్పి తండ్రిని చూశాడు. నన్ను కాదు. నేనెవణ్ణి? ఆరేళ్ళుగా వాడు చెప్పించాలనుకున్నది నా చేత. వినిపించాలనుకున్నది మాత్రం ఆయనకు.

"విన్నావా నాన్నా," అన్నాడు. గొంతు పిల్లాడి గొంతులా చీలిపోయింది.

హెర్మన్ తడి చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. అడుగు ముందుకు వేసి, నాలుగేళ్ళుగా ముట్టుకోని కొడుకు తలను రెండు చేతులతో పట్టుకుని తన భుజానికి ఆనించుకున్నాడు.

"ఇప్పుడేరా," అన్నాడు. "ఇప్పుడే విన్నాను."

వెండెల్ ఏడ్చాడు. ఆ తెల్ల కంట్లోంచి కూడా నీళ్ళు వస్తాయని నాకు అప్పటిదాకా తెలీదు.

వాడి తల మీదుగా హెర్మన్ నన్ను చూస్తున్నాడు. రెండు కళ్ళతో. లోరింగ్ కాఫీ పోస్తూ చూసినట్టే.

చాలాసేపటికి వెండెల్ తల ఎత్తాడు. తండ్రి ముఖంలోకి చూశాడు. అక్కడ ఏం కనపడిందో ఏమో... నెమ్మదిగా నావైపు తిరిగాడు.

"నాన్నకి ముందు తెలీదు కదా, పెద్దాయనా?"

ఆవులు కదిలాయి. గొలుసులు చప్పుడయ్యాయి.

నిజం చెప్పడానికే వచ్చాను నేను. ఆరేళ్ళు పట్టింది ఆ గుమ్మం దాకా రావడానికి. ఇప్పుడు ఇంకో నిజం నాలుక మీద ఉంది. చెప్తే ఇప్పుడే దొరికిన తండ్రి మళ్ళీ వాడికి లేకుండా పోతాడు. చెప్పకపోతే నేను మళ్ళీ లోరింగ్ తివాచీ మీద కూర్చున్నవాణ్ణే.

"తెలీదురా," అన్నాను.

ఆ ఒంటి కన్ను నా ముఖం మీంచి కదల్లేదు.

తెరిచిన తలుపులోంచి చలి లోపలికి వస్తోంది. బయట పచ్చిక మీద ఎండ పడి మంచు కరుగుతోంది... తడి మట్టి... పేడ... పాలు...

వాడు ఇంకా చూస్తూనే ఉన్నాడు.